మలివయసులో మనవాళ్లకో సంఘం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అరవై దాటిన గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం సంఘం పెట్టడం, పెట్టినదాన్ని నిలబెట్టుకోవడం ఎలాగన్నదే ఆ విషయం. అందువల్ల ఈ సంచికలో వేరే ప్రశ్నలకు చోటివ్వకుండా ఈ ఐదింటికే జవాబు రాస్తున్నాను. రాసినవారిని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం.

ప్రశ్న: నేను ప్రభుత్వ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసి రిటైరయ్యాను. వయసు 67. ఏడాదిగా ప్రతి ఆదివారం ఉదయం మా ఇంట్లో ఎనిమిది మందిమి కలుస్తున్నాం. అందరమూ అరవై దాటిన గే పురుషులమే. నలుగురికి భార్యాపిల్లలున్నారు. వాట్సాప్ గ్రూపుకు నడక మిత్రులమని పేరు పెట్టుకున్నాం. దీన్ని రిజిస్టరు చేయించి, ఊరి బయట స్థలం కొని, మాలాంటివారికి వృద్ధాశ్రమం కట్టాలని కొందరి కోరిక. మొదట ఏం చేయాలి? (రాజమహేంద్రవరం)

జవాబు: మీ ఉత్తరంలో ఆశ్రమం గురించిన మాటల కంటే "నలుగురికి భార్యాపిల్లలున్నారు" అన్న మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. సంఘానికి ఏ పేరు పెట్టాలి, ఎక్కడ కలవాలి, ఎవరు సంతకం చేయాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు అందులోంచే వస్తుంది. మీ తరం ఉద్యోగాల్లో చేరి, పెళ్లిళ్లు చేసుకుని, పదవీ విరమణ దగ్గరపడేదాకా స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 నీడలోనే బతికింది. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఊరటను 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీసేసింది; పరస్పర సమ్మతితో కలిసే వయోజనులు నేరస్థులు కారని అదే సుప్రీంకోర్టు తేల్చి చెప్పేసరికి 2018 సెప్టెంబర్ 6 వచ్చింది. నలభై ఏళ్లు దాచుకోవడం అలవాటైన మనిషిని, తీర్పు వచ్చింది కాబట్టి రేపటి నుంచి బయటపడమనడం న్యాయం కాదు.

ఈ సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట హైదరాబాద్‌లో మేము పెట్టిన ఒక సమావేశంలో, వచ్చినవాళ్లందరికీ అలవాటు ప్రకారం హాజరు పుస్తకం తిప్పాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో కళ్లజోడు పెట్టుకుని వచ్చిన ఒక పెద్దాయన పుస్తకం తన చేతికి రాగానే కలం మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశారు. చివరికి పేరు రాయాల్సిన గడిలో ఇంటిపేరులోని మొదటి అక్షరం ఒక్కటే రాసి, ఫోన్ నంబరు గడిలో అడ్డగీత గీసి పక్కవారికి అందించారు. ఆ తర్వాత ఆయన మళ్లీ రాలేదు. ఆ రోజు మేము పోగొట్టుకున్నది ఆ సమావేశంలో అందరికంటే ఒంటరిగా ఉన్న మనిషినని తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది. అప్పటి నుంచి మా దగ్గర హాజరు పుస్తకం లేదు. ఎంతమంది వచ్చారో అంకె మాత్రం రాసుకుంటాం.

ఇక రిజిస్ట్రేషన్. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. కనీసం ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టవచ్చు. ఎనిమిది మంది ఉన్నాం కదా, లెక్క సరిపోయిందని తొందరపడకండి. రిజిస్ట్రారుకు ఇచ్చే కాగితాల్లో కార్యవర్గ సభ్యుల పేర్లు, చిరునామాలు, వృత్తులు, సంతకాలు ఉంటాయి. కార్యవర్గం జాబితాను ఏటా మళ్లీ దాఖలు చేయాలి. ఆ కాగితాలు బయటివారి కంటపడవచ్చు. కాబట్టి ఆ ఏడు సంతకాలూ బయట పేరు కనిపించినా ఇబ్బంది లేనివారివి కావాలి. భార్యాపిల్లలు లేని మీ నలుగురితో పాటు మీ సంగతి తెలిసిన ఒక డాక్టరు, ఒక న్యాయవాది, స్నేహితుల పిల్లల్లో ఒకరు ముందుకొస్తే సరిపోతుంది. మిగతా నలుగురూ ఏ కాగితం మీదా సంతకం చేయకుండానే, మీతో సమానంగా మాట చెల్లే సభ్యులుగా ఉండవచ్చని మీలో మీరు స్పష్టంగా రాసుకోండి. పేరు విషయానికొస్తే, వయోవృద్ధుల సంక్షేమం అన్న అర్థం వచ్చే మామూలు పేరు చాలు. లక్ష్యాల్లో మాత్రం లైంగికత, జెండర్ కారణంగా ఒంటరైన వృద్ధుల కోసం అని నిజం రాయండి. అక్కడ కూడా దాచిపెడితే రేపు ఏ అధికారి దగ్గరా గట్టిగా మాట్లాడలేరు.

ఆశ్రమం మాట. న్యూయార్క్‌లో సేజ్ అనే సంస్థ 1978లో ఇటువంటి వృద్ధుల కోసమే మొదలైంది. ఇల్లు కదలలేని పెద్దవాళ్ల దగ్గరికి వాలంటీర్లు వారం వారం వెళ్లి కూర్చోవడం వాళ్లు తొలినాళ్లలో చేపట్టిన పని. రోజంతా తెరిచి ఉండే సీనియర్ కేంద్రం వాళ్లకు 2012లో వచ్చింది. బ్రూక్లిన్‌లో స్టోన్‌వాల్ హౌస్ పేరిట 145 ఫ్లాట్ల భవనం తెరుచుకున్నది 2019లో. అంటే మొదటి గడప తొక్కిన నలభై ఏళ్ల తర్వాత గాని సొంత గోడలు లేవలేదు, అదీ నగర ప్రభుత్వం, బిల్డర్లు కలిసొస్తేనే. మీరు ఎనిమిది మందీ చేతిలో ఉన్న డబ్బంతా స్థలంలో పెడితే, అది పూర్తయ్యే లోపల మీలో ఎవరికి తుంటి విరిగినా చూసుకోవడానికి సంఘం దగ్గర ఆటో ఖర్చు కూడా మిగలదు. ముందుగా మీ ఊళ్లో, కాకినాడలో ఇప్పటికే నడుస్తున్న వృద్ధాశ్రమాలకు ఇద్దరిద్దరుగా వెళ్లి, ఇద్దరు పురుష మిత్రులకు ఒకే గది ఇస్తారా, చూడటానికి వచ్చే స్నేహితుడిని బంధువుతో సమానంగా లోపలికి రానిస్తారా అని అడగండి. సరేనన్న రెండు ఆశ్రమాలు దొరికితే మీ సంఘానికి అది తొలి ఏడాదికి సరిపడా పని.

ప్రశ్న: నాకు 59 ఏళ్లు, ఆమెకు 63. ఇద్దరమూ పెళ్లి చేసుకోలేదు. ఇరవై ఆరేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఇల్లు ఆమె పేరిట ఉంది. బంధువులకు మేము స్నేహితులం మాత్రమే. మాలాంటి జంటలు మరో మూడు ఉన్నాయి. నెలకోసారి కలిసి భోజనం చేస్తాం గాని, అది సంఘం అవుతుందో కాదో తెలియదు. ఆమెకు ఈమధ్య స్టెంట్ వేసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. (హైదరాబాద్)

జవాబు: అమ్మా, కలిసి భోజనం చేసే ఎనిమిది మంది ఒకరి కోసం ఒకరు ఆస్పత్రికి పరుగెత్తుతారంటే అది సంఘమే. మీ నిద్ర పట్టకపోవడానికి కారణం ఏమిటో నాకు తెలుసు, నేను దాన్ని కళ్లారా చూశాను.

ఒక పెద్ద ఆస్పత్రిలో ఐసీయూ బయట ముప్పై ఒక్క ఏళ్లు కలిసి బతికిన ఇద్దరిలో ఒకాయన లోపల ఉన్నారు, రెండో ఆయన బయట ఉన్నారు. రోగితో ఉండేవారికి ఇచ్చే అటెండర్ పాస్ ఒక్కటే. అది వేరే ఊరి నుంచి ఆ పొద్దున్నే దిగిన అన్న కొడుకు మెడలో ఉంది. బయటి ఆయన ఇంటి నుంచి తెచ్చిన స్టీలు క్యారేజీని ఒళ్లో పెట్టుకుని, పై గిన్నె మూత తీసి చూసి మళ్లీ పెడుతున్నారు, చారన్నం చల్లారిపోయింది. లోపలి మనిషికి ఏ మాత్ర పడదో, ఏ చెవి సరిగా వినపడదో ఆ వరండాలో తెలిసిన ఒక్క మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. అడిగినా ఆయన చూపించడానికి జేబులో ఒక్క కాగితం లేదు. మీ సంఘం చేయాల్సిన మొదటి పని ఆ కాగితాలను ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే తయారు చేయించడం.

వివాహ సమానత్వాన్ని, అంటే మనలాంటి జంటలకు పెళ్లి హక్కును, 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు నిరాకరించింది. కాబట్టి భార్యాభర్తలకు చట్టం దానంతట అదే ఇచ్చేవాటిని మీరు ఒక్కొక్కటిగా రాసుకోవాలి. మొదటిది వీలునామా. హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబమైతే, ఆమె వీలునామా లేకుండా కన్నుమూస్తే ఇల్లు ఆమె పుట్టింటివారికి పోతుంది. ఇరవై ఆరేళ్లు ఆ గోడలకు సున్నం వేయించిన మీకు అందులో ఏ హక్కూ ఉండదు. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి. ఆస్తి పొందే మీరు సాక్షిగా ఉండకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా సబ్ రిజిస్ట్రారు దగ్గర చేయించండి, తర్వాత తగువు వచ్చినప్పుడు అదే నిలబడుతుంది. ఆమె ఉండగానే మేనల్లుడో, అన్న కొడుకో ఇల్లు రాయించుకుందామని చూస్తే తొందరపడి గిఫ్ట్ డీడ్ రాయవద్దని చెప్పండి. రాయక తప్పని పరిస్థితి వస్తే, తన బాగోగులు చూడాలన్న షరతును దస్తావేజులోనే రాయించాలి; అలా రాస్తే, చూడనప్పుడు 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో దాన్ని రద్దు చేయమని అడగవచ్చు. అదే చట్టం కింద, పిల్లలు లేని వృద్ధులు తమ ఆస్తికి వారసులు కాబోయే బంధువుల నుంచి పోషణ ఖర్చు కోరవచ్చన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ఆస్పత్రి విషయంలో రెండు మాటలు గట్టిగా గుర్తుంచుకోండి. రోగి స్పృహలో ఉండి నిర్ణయం చెప్పగలిగితే సమ్మతి ఇవ్వాల్సింది ఆ రోగే; పెద్దదైన కూతురి తరఫున కన్నతల్లి ఇచ్చిన సమ్మతి కూడా చెల్లదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. స్పృహ లేని రోజు కోసం ముందస్తు వైద్య నిర్దేశం, అంటే లివింగ్ విల్, రాసుకోవచ్చు. 2018లో సుప్రీంకోర్టు దీన్ని అనుమతించింది. 2023లో పద్ధతిని సులువు చేసింది కాబట్టి ఇప్పుడు మేజిస్ట్రేటు దాకా వెళ్లనక్కర్లేదు, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీ చేతగాని గెజిటెడ్ అధికారి చేతగాని ధ్రువీకరింపజేస్తే చాలు. మతిమరుపు, మానసిక అనారోగ్యం వంటివి వస్తాయన్న భయం ఉంటే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద తెల్ల కాగితం మీద రాసి సంతకం చేసి ఎవరినైనా తమ ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. బంధువే కావాలన్న నియమం లేదు.

బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి క్వియర్ జంటలకు ఏ అడ్డూ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా పరిగణించాలని, దగ్గరి బంధువులు లేనప్పుడు భాగస్వామి భౌతికకాయాన్ని తీసుకోవచ్చని ఆ ఏడాదే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. ఆ ఉత్తర్వుల ప్రతులు తీసి సంఘం ఫైల్లో పెట్టుకోండి; కౌంటర్ దగ్గర కూర్చున్న గుమస్తాకు మన బాధ కంటే ముద్ర ఉన్న కాగితం త్వరగా అర్థమవుతుంది.

మూడు నెలలకోసారి మీ భోజనాల రోజునే కాగితాల రోజుగా చేసుకోమని నా సలహా. ఒక న్యాయవాదిని, ఒక నోటరీని పిలవండి. నాలుగు జంటలూ ఒకరికొకరు సాక్షులు కావచ్చు. ప్రతివారి కాగితాల నకలు సీలు వేసిన కవరులో మరో జంట దగ్గర ఉంచండి. పర్సులో ఒక చిన్న కార్డు పెట్టుకోండి: నా రక్తం గ్రూపు ఇది, నేను వాడే మందులు ఇవి, మొదట పిలవాల్సిన మనిషి వీరు అని. అది ఈ రాత్రే రాయవచ్చు.

ప్రశ్న: నేను హిజ్రాను, వయసు 52. నా గురువుకు 71. గే పెద్దవాళ్లతో కలిసి ఒకే సంఘం పెట్టమని ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు అంటున్నారు. వాళ్ల మీటింగుకు వెళ్తే సగం ఇంగ్లీషు మాట్లాడారు. మేము కలిసి బయటికొస్తే చుట్టుపక్కల చూస్తారని జంకారు. కలవాలా, వద్దా? (వరంగల్)

జవాబు: మీరు చెప్పిన జంకు నిజం, అది మిమ్మల్ని నొప్పించడం కూడా నిజం. దాచుకుని బతికినవారికి, దాచుకునే వీల్లేకుండా బతికినవారికి మధ్య ఉన్న దూరం ఒక మీటింగుతో పోదు. అయితే వృద్ధాప్యంలో మనిషిని చూసుకునే కట్టుబాటు మీ దగ్గర ఉన్నంతగా వాళ్ల దగ్గర లేదు. గురువు మంచాన పడితే చేలాలు, అంటే శిష్యులు, వంతులు వేసుకుని చూస్తారు. ఆ గే పెద్దమనుషుల్లో చాలామందికి జ్వరం వస్తే గ్లాసుడు నీళ్లిచ్చే చేయి లేదు. ఈ విషయంలో నేర్పాల్సింది మీరు. చేలాలు లేని గురువులు, జమాత్, అంటే హిజ్రాల బృందం, విడిచి వచ్చినవారు కూడా మీలో ఉన్నారు. సంఘం అవసరం వాళ్లకే ఎక్కువ.

మీ గురువుగారి వయసువాళ్లు ఏ చట్టం కింద బతికారో ఆ స్వచ్ఛంద సంస్థ వారికి చెప్పండి. నిజాం కాలంలో, 1919లో వచ్చిన చట్టం హిజ్రాల పేర్లను రిజిస్టరులో ఎక్కించి, ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకునే అధికారం పోలీసులకు ఇచ్చింది. తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది 2023 జూలైలో. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇవ్వాలని కూడా ఆ తీర్పులోనే చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద ట్రాన్స్‌జెండర్లకు నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. మీ దగ్గర ఎవరెవరికి గుర్తింపు పత్రం ఉంది, ఎవరికి ఆధార్‌లో పాత పేరే ఉంది, ఎవరి దరఖాస్తు ఎక్కడ ఆగింది అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకుని కలెక్టరేటుకు పదిమందిగా వెళ్లండి. రెండు రాష్ట్రాల్లోనూ వయోవృద్ధుల సంక్షేమం, ట్రాన్స్‌జెండర్ల సంక్షేమం ఒకే శాఖ కింద ఉన్నాయి. వృద్ధురాలైన హిజ్రా విషయంలో ఇది మా పని కాదని ఆ శాఖ అనలేదు.

కలవడం గురించి నా అభిప్రాయం ఇది: రోజువారీ కూడికలు వేర్వేరుగా ఉండనివ్వండి, కార్యవర్గం మాత్రం ఒకటిగా పెట్టండి, అందులో సగం పదవులు మీవి కావాలని, మాటలన్నీ తెలుగులో, ఉర్దూలో జరగాలని మొదటి రోజే నిబంధనల్లో రాయించండి. ఒప్పుకోకపోతే వేరే సంఘం పెట్టుకోండి. అందులో తప్పేమీ లేదు.

ప్రశ్న: మాది తెనాలి, ప్రస్తుతం న్యూజెర్సీలో ఉంటున్నాను. ఇక్కడి ఎల్జీబీటీ వృద్ధుల కేంద్రంలో వాలంటీరుగా చేస్తున్నాను. ఆంధ్రాలో ఇలాంటి సంఘానికి డబ్బు పంపాలంటే ఎలా? (న్యూజెర్సీ)

జవాబు: మీ దగ్గర ఉన్నది ఏ పాస్‌పోర్టు అన్నదాని మీద అంతా ఆధారపడి ఉంది. భారత పౌరులుగానే ఉండి, సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది. దాన్ని తీసుకోవడానికి సంఘానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా కావాలి. మూడేళ్లు నిండి, ఆ మూడేళ్లలో సేవల మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు చేసిన సంస్థలకే సాధారణంగా ఆ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. ఆదివారం ఎనిమిది మంది కలిసే సంఘానికి అది చాలా దూరం. స్నేహితుడి ఖాతాలో వేసి అక్కడి నుంచి ఇప్పిద్దామని మాత్రం అనుకోకండి, చిక్కుల్లో పడేది వాళ్లు.

ఇక్కడి దాతలకు సంబంధించి ఒక సంగతి. 80జీగా అందరికీ తెలిసిన పన్ను మినహాయింపు రసీదు ఇవ్వాలంటే దాత పేరు, పాన్ సంఖ్య ఆదాయపు పన్ను శాఖకు పంపాలి. పేరు బయటికి రావడం ఇష్టంలేని దాతకు ఆ మాట డబ్బు తీసుకునే ముందే చెప్పాలి.

డబ్బు కంటే ముందు మీరు పంపగలిగినది మీరు నేర్చుకున్న పని. వాలంటీరును మొదటిసారి ఇంటికి పంపేముందు ఏమేం చెబుతారు, డబ్బు అప్పు అడిగితే ఏమనాలి, మనిషి తలుపు తీయకపోతే ఎంతసేపు ఆగి ఎవరికి ఫోన్ చేయాలి అన్నవన్నీ తెలుగులో నాలుగు పేజీలు రాసి పంపండి. ఇక్కడ ప్రతి సంఘమూ వీటిని దెబ్బ తిన్నాకే నేర్చుకుంటోంది.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, నేను గే. మా వీధిలో ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన మాలాంటివారేనని నాకు తెలుసు, నా సంగతి ఆయనకూ తెలుసు. సంఘం ఏమీ లేదు. ఆయన కోసం ఏదైనా చేయాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. (గుంటూరు)

జవాబు: నాయనా, మొదటిసారి వెళ్లినప్పుడు ఆ సంగతి ఎత్తకు. కరెంటు బిల్లు కట్టాలా, బీపీ మాత్రలు తేవాలా, ఫోన్‌లో ఏదైనా సరిచేయాలా అని అడుగు; ఒంటరి వృద్ధులకు ఫోన్ ఒక పెద్ద తలనొప్పి. డేటింగ్ యాప్‌లలో పరిచయం చేసుకుని, ఇంటికొచ్చి, బయటపెడతామని బెదిరించి డబ్బు గుంజే ముఠాలు ఇలాంటి పెద్దవాళ్లనే వెతుక్కుంటున్నాయి. ఆయన ఎప్పుడైనా అలాంటి మాట బయటపెడితే, స్వలింగ సంబంధం ఇప్పుడు నేరం కాదని, బెదిరించి డబ్బు గుంజడమే నేరమని నెమ్మదిగా చెప్పు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930కి, వృద్ధులకు సంబంధించిన ఏ సాయానికైనా 14567కు ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదు ఇవ్వాలో వద్దో ఆయనే నిర్ణయించుకోవాలి. నువ్వు పక్కన కూర్చో, అంతే.

రోజూ వెళ్లకు. వారానికి ఒక రోజు, ఒక వేళ పెట్టుకో. బుధవారం సాయంత్రం ఆరింటికి అనుకుంటే బుధవారం ఆరింటికే వెళ్లు, రాలేకపోతే ముందురోజే ఫోన్ చెయ్యి. ఆయన రావద్దంటే సరేనని చెప్పి, వచ్చే బుధవారం ఆరింటికి మళ్లీ ఫోన్ చెయ్యి. మూడు నెలలు అలా గడిచాక, నీలాంటి మరో కుర్రవాణ్ని వెంటబెట్టుకుని రావచ్చా అని ఆయన్నే అడుగు. ఆయనకు తెలిసిన మరో పెద్దాయన ఎవరైనా ఉన్నారేమో కూడా అప్పుడే అడుగు.